శ్రీలంకలో దారి పక్క జీవాలు: చూడటం ఎలా, మసలుకోవడం ఎలా

కొలంబోలో ఒక కాలువ పక్క రోడ్డు, ఉదయం ఏడున్నర. తెల్ల యూనిఫాంలు వేసుకున్న పిల్లలు బడికి నడుస్తున్నారు. కాలువ గట్టు మీంచి ఒక జంతువు పాకుతూ రోడ్డెక్కింది. ముక్కు నుంచి తోక కొస దాకా నా నిలువంత ఉంది. నల్లటి ఒళ్లు, దాని మీద పసుపు చుక్కలు, రెండుగా చీలిన నాలుక బయటికీ లోపలికీ ఆడుతోంది. నేనెక్కిన త్రీవీలర్ ఆగింది. వెనకొస్తున్న బస్సూ ఆగింది. ఎవరూ హారన్ కొట్టలేదు. పిల్లలు కబుర్లు ఆపకుండానే కాస్త పక్కకి జరిగి వెళ్లిపోయారు. అది అవతలి తూములోకి దిగాక బండ్లు కదిలాయి. డ్రైవరు నా వైపు తిరిగి "కబరగోయా" అన్నాడు, పక్కింటాయన పేరు చెప్పినట్టు.

శ్రీలంక వెళ్లొచ్చిన మనవాళ్లు చాలామంది "యాల సఫారీకి వెళ్లాం, చిరుత కనపడలేదు" అని నిరాశగా చెబుతుంటారు. వింటుంటే నాకు బాధేస్తుంది. మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా లేని ఆ దేశంలో జంతువులు టికెట్టు కొన్న చోటే ఉండవు. చెరువుకట్ట మీద, గుడి మెట్ల మీద, బస చేసిన గది దూలాల్లో, రైలు కిటికీ అవతల ఉంటాయి. వాటిని చూడాలంటే కొంచెం తయారీ కావాలి, చాలా ఓపిక కావాలి, ఎదురుపడినప్పుడు ఏం చేయాలో ముందే తెలిసుండాలి. నేను వెళ్లిన నాలుగుసార్లలో నేర్చుకున్నది ఇక్కడ వరసగా రాస్తున్నాను.

1. ముందు కాలం, తర్వాత దారి

దేశమంతా ఎండగా ఉండే నెల కోసం వెతకొద్దు. అక్కడికి రెండు వర్షాలొస్తాయి. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలులు కొలంబో, గాలే ఊళ్ల వైపు, పడమటి కొండల మీద కురుస్తాయి. ఏడాది చివరి నెలల్లో ఈశాన్య వానలు తూర్పు, ఉత్తర ప్రాంతాలకు వెళ్తాయి. కాబట్టి సీజన్‌ని బట్టి దిక్కు ఎంచుకోవాలి. డిసెంబరు నుంచి మార్చి మధ్య వెళ్తే దక్షిణ తీరం, కొండలు బాగుంటాయి. వేసవి సెలవుల చివర్లో వెళ్లినా, ఆగస్టు సెప్టెంబరుల్లో వెళ్లినా హబరణ, సిగిరియ, పొలొన్నరువ ఉన్న చెరువుల ప్రాంతం మేలు.

ఎనిమిది రోజులుంటే కొలంబో కాక మూడు చోట్లకు మించి పెట్టుకోవద్దు. నేనైతే కొలంబోలో ఒక రాత్రి, హబరణ దగ్గర మూడు, నువర ఎలియలో రెండు, తిస్సమహారామలో రెండు ఉంటాను. కొలంబో తప్ప ఎక్కడైనా కనీసం రెండు రాత్రులు ఉండాలన్నది నేను గట్టిగా పట్టుకున్న నియమం. జీవాలు కనిపించేది ఉదయం ఆరు నుంచి తొమ్మిది వరకు, సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడే దాకా. రోజుకో ఊరు మారితే ఆ రెండు పూటలూ కారులోనే గడిచిపోతాయి. మొదటిసారి నేను చేసిన పొరపాటు అదే. ఆరు రోజుల్లో ఏడు ఊళ్లు తిరిగి, ఫొటోల్లో గుళ్లు తప్ప ఒక్క పిట్ట కూడా లేకుండా ఇంటికొచ్చాను.

కాండీ నుంచి బదుళ్ల వైపు వెళ్లే కొండ రైలు అందరూ ఎక్కాలనుకునేదే. వానాకాలంలో కొండచరియలు పడి ఆ లైను ఆగిపోతుంటుంది. టికెట్టు కొనే ముందు రైలు నడుస్తోందో లేదో కనుక్కోండి. పౌర్ణమి రోజులు కూడా క్యాలెండర్‌లో చూసుకోండి. దాన్ని అక్కడ పోయ అంటారు, దేశమంతా సెలవు. గుళ్ల దగ్గర తెల్ల బట్టల్లో జనం నిండిపోతారు. చూడముచ్చటైన రోజే గానీ ఆ రోజు దూర ప్రయాణం పెట్టుకుంటే రోడ్డు మీదే పొద్దుపోతుంది.

2. సంచిలో ఏముండాలి

పెద్ద కెమెరా లేకపోయినా ఫరవాలేదు, బైనాక్యులర్స్ ఉండాలి. ఎనిమిది రెట్లు దగ్గర చేసి చూపించేది చాలు. అంతకు మించితే చెయ్యి వణికి బొమ్మ నిలవదు. తలకు కట్టుకునే టార్చి, పొడుగు చేతుల చొక్కాలు, బట్టల సబ్బు ముక్క, దూది, దోమల మందు, మడమలు కప్పే బూట్లు. సింహరాజ లాంటి వానడవికి వెళ్తే జలగ సాక్సులు కావాలి. ఇవి మోకాలి దాకా వచ్చే దళసరి గుడ్డ సంచుల్లాంటివి, అడవి గేటు దగ్గరే దొరుకుతాయి. ఒక చిన్న నోటుబుక్కు, పెన్సిలు. పెన్ను తడిస్తే రాయదు.

3. మొదటి రోజు నగరంలోనే కంటికి అలవాటు చేయండి

కొలంబో దిగగానే పరుగెత్తి బయటపడతారు అందరూ. ఒక్క పూట ఉండండి. సాయంత్రం బైరా చెరువు గట్టున కూర్చుంటే గూడబాతులు కనిపిస్తాయి. మన నేలపట్టులో, కొల్లేటి ఆటపాకలో చూసినవే, సంచి ముక్కు గూడబాతులు. అక్కడవి దీపస్తంభాల మీద వాలి కింద పోయే ట్రాఫిక్‌ని చూస్తుంటాయి. పొద్దు వాలాక విహారమహాదేవి పార్కు వైపు తలెత్తి చూడండి. పండ్లు తినే పెద్ద గబ్బిలాలు ఒక్కొక్కటిగా, తర్వాత గుంపులుగా ఆకాశం దాటుతాయి. కాండీ దగ్గర పెరాదెణియ తోటలో ఇవే పగటిపూట చెట్లకు తలకిందులుగా వేలాడుతూ, రెక్కలతో విసురుకుంటూ కనిపిస్తాయి. కింద నిలబడి పైకి చూస్తూ నోరు తెరవకండి.

నగరంలో ముందు నేర్చుకోవాల్సింది రెండు ఉడుముల తేడా. మొదట చెప్పిన కబరగోయ నీటి ఉడుం. నల్లగా ఉంటుంది, పసుపు చుక్కలుంటాయి, ముక్కు రంధ్రాలు మూతి కొసన ఉంటాయి, నీళ్లలో మొసలిలా ఈదుతుంది. రెండోది తలగోయ. బూడిద గోధుమ రంగు, ముక్కు రంధ్రం సన్నటి చీలికలా మూతికీ కంటికీ మధ్యలో ఉంటుంది, పొడి నేల మీద తిరుగుతుంది. మనం ఉడుంపట్టు అంటామే, ఆ ఉడుం ఇదే. బైనాక్యులర్స్ పెట్టుకుని ఆ ముక్కు రంధ్రం ఎక్కడుందో చూడటం మొదటి పాఠంగా పెట్టుకోండి. ఒక జంతువు మీద ఒక్క గుర్తు వెతకడం అలవాటైతే మిగతావన్నీ వాటంతటవే కనపడటం మొదలవుతుంది.

ఉదయం వీధిలో పియానో పాట వినిపిస్తే బయటికి రండి. త్రీవీలర్ వెనక అద్దాల పెట్టె కట్టుకుని రొట్టెలమ్మే చూన్ పాన్ బండి అది. చాలా బండ్లు బీథోవెన్ ఫ్యూర్ ఎలీస్ మోగిస్తూ తిరుగుతాయి. అందులో పంచదార చల్లిన పొడుగాటి బన్ను ఒకటుంటుంది, దాని పేరు కింబుల బనిస్. కింబుల అంటే మొసలి.

4. ఓ పది మాటలు పట్టుకోండి

సింహళంలో కొన్ని మాటలు మన చెవికి వెంటనే అతుక్కుంటాయి. అక్క అంటే అక్కే, మామ అంటే మామే. అయ్యా అంటే మాత్రం అన్న. మీకంటే పెద్దవాడైన డ్రైవరుని అయ్యా అని, చిన్నవాణ్ని మల్లి అని పిలిస్తే ముఖం వికసిస్తుంది. కొండని కంద అంటారు. చెరువు వెవ, వాగు ఓయ, నది గంగ. కొండముచ్చు వందురా, వానర అన్న మాట గుర్తుచేసుకుంటే మర్చిపోరు. ఎర్ర మూతి కోతి రిలవా. ఏనుగు అలియా, దంతాలున్న మగదైతే ఏతా. నాగుపాము నయా. జలగ కూడెల్లా. ఎక్కడైనా "అలియా ఇన్నవాద?" అని అడిగితే, అంటే ఏనుగులున్నాయా అని, కల్లుగీత కార్మికుడు, చెరువులో బట్టలుతికే అక్క, టీకొట్టాయన ఎవరైనా సరే చేత్తో దిక్కు చూపిస్తారు. వాళ్లకు తెలిసినంత ఏ యాప్‌కీ తెలియదు.

5. చెరువుకట్ట మీద ఒక ఉదయం

ఈ మార్గదర్శిలో ఒక్కటే పాటించి మిగతావన్నీ వదిలేస్తానంటే, పాటించాల్సింది ఇది.

మన కాకతీయులు తవ్వించిన గొలుసుకట్టు చెరువుల్లాంటివే లంక పొడి ప్రాంతంలో వేల సంఖ్యలో ఉన్నాయి. పై చెరువు అలుగు నీళ్లు కింది చెరువులోకి, అక్కణ్ణుంచి ఇంకో దాంట్లోకి. వాళ్లు దాన్ని ఎల్లంగావ అంటారు. మిన్నేరియ చెరువు 3వ శతాబ్దంలో మహాసేన రాజు కట్టించింది, పొలొన్నరువలోని పరాక్రమ సముద్రం 12వ శతాబ్దపు పరాక్రమబాహు పేరు మోస్తోంది. నీళ్లు పొలానికి, మనుషులకి అని తవ్వినా పదిహేను వందల ఏళ్లకు పైగా ఆ చెరువుల చుట్టూ జంతువుల బతుకు కూడా అల్లుకుపోయింది. అందుకే అడవి కంటే చెరువు దగ్గరే ఎక్కువ చూస్తారు.

తిస్సమహారామలో తిస్స వెవ కట్ట మీదికి ఐదున్నరకల్లా చేరుకోండి. చీకటి ఇంకా పూర్తిగా వీడదు. పెద్ద చెట్లలో గబ్బిలాలు తిరిగొచ్చి చోటు కోసం కీచులాడుకుంటుంటాయి. కట్ట మీద ఒక చోట ఎంచుకుని కూర్చోండి, వెన్ను చెట్టుకి ఆనించండి, కనీసం నలభై నిమిషాలు కదలకండి. మొదటి పావుగంటలో ఏమీ లేదనిపిస్తుంది. అక్కడే చాలామంది లేచిపోతారు. ఇరవయ్యో నిమిషానికి మిమ్మల్ని చూసి మునిగిన నీటికాకి మళ్లీ మోడు మీదికొచ్చి రెక్కలు ఆరేసుకుంటుంది. తామరాకుల మీద ఏదో నడుస్తున్నట్టుంటుంది. బైనాక్యులర్స్ పెడితే పొడుగు కాలివేళ్ల నీటికోడి. ఆకు ఒంగుతుంది గానీ మునగదు. దాని వెనక మూడు పిల్లలు, ఒక్కోటి నిమ్మకాయంత, కాళ్లు మాత్రం పెద్దదానివే అన్నంత పొడుగు. ఒక పిల్ల ఆకు అంచు దగ్గర తడబడి నీళ్లలో కాలు పెట్టి వెనక్కి తీసుకుంది. పెద్దది తిరిగి చూసి ఆగింది. ఆ పిల్ల ఆకు దాటేదాకా నేను ఊపిరి బిగబట్టుకునే ఉన్నాను.

ఏడు దాటాక మనుషులొస్తారు. ఒకాయన సైకిలు మీద పాల క్యాను, ఇద్దరు ఆడవాళ్లు స్నానానికి. గేదెలు నీళ్లలోకి దిగుతాయి, వాటి వీపుల మీద తెల్లకొంగలు. ఈ గేదెల పాలతోనే కుండల్లో తోడుపెట్టిన పెరుగు రోడ్డు పక్క అమ్ముతారు, దాన్ని 'మీ కిరి' అంటారు. దాని మీద కితుల్ పానకం పోసుకుని తినాలి. కితుల్ అంటే మన్యంలో కల్లు గీసే జీలుగు చెట్టే. ఆ రంగు చూసి బెల్లం పాకం అనుకుంటాం, రుచిలో సన్నటి పొగ వాసన వేరేగా తెలుస్తుంది.

చెరువులో దిగాలనిపిస్తే ఊరివాళ్లు దిగే రేవులోనే, వాళ్లున్నప్పుడే దిగండి. పొడి ప్రాంతపు చెరువుల్లో మొసళ్లుంటాయి. మాతర దగ్గర నిల్వల నదిలో ఇంకా పెద్దవైన ఉప్పునీటి మొసళ్లుంటాయి, అక్కడ స్నానాల రేవుల చుట్టూ కర్రలతో దడి కడతారు. దడి కట్టారంటే కారణముందని అర్థం.

6. రోడ్డు మీద ఏనుగు

2011 లెక్కల్లో శ్రీలంకలో 5,879 ఏనుగులు తేలాయి. చిన్న దేశానికి అది పెద్ద సంఖ్య. చాలా ఏనుగులు పార్కుల సరిహద్దు బయటే పొలాల మధ్య తిరుగుతాయి. ఏటా వందల ఏనుగులు, వంద మందికి పైగా మనుషులు ఈ ఒరిపిడిలో పోతున్నారు. 2025 ఫిబ్రవరిలో హబరణ దగ్గర ఒక ప్యాసింజర్ రైలు మందను ఢీకొని ఆరు ఏనుగులు చనిపోయాయి. కాబట్టి రోడ్డు మీద ఏనుగు కనపడటం అంటే ఆ ఊళ్లవాళ్లకు వేడుక కాదు, రోజూ పడే భయం. మనం అక్కడ ప్రవర్తించే తీరు మనం వెళ్లిపోయాక కూడా వాళ్ల మీద పనిచేస్తుంది.

హబరణ పొలొన్నరువ రోడ్డులో ఒక సాయంత్రం ఐదున్నరకి ఇది కళ్లారా చూశాను. దంతాల్లేని మగ ఏనుగు ఒకటి రోడ్డు అంచున నిలబడి ఉంది. మా డ్రైవరు అయ్యా చాలా దూరంలోనే బండి ఆపి, ఇంజను ఆపకుండా, లైట్లు తగ్గించాడు. ముందున్న వ్యానులో వాళ్లు మాత్రం కిటికీలోంచి అరటిపళ్లు అందిస్తున్నారు. ఏనుగు తొండం వ్యాను లోపలికి వెళ్లింది. లోపల కేకలు, నవ్వులు, ఫోన్లు. అయ్యా స్టీరింగు మీద చేతులు తీయకుండా మెల్లగా అన్నాడు: "మహత్తయా, రేపు ఇదే ఏనుగు స్కూటర్ని ఆపుతుంది. స్కూటర్ మీద వెళ్లే వాడి దగ్గర అరటిపండు ఉండదు." అప్పట్నుంచి నేను దారిలో ఏనుగు కోసం పళ్లు కొనే ఎవర్ని చూసినా దగ్గరికెళ్లి ఈ మాట చెబుతున్నాను. ఉడవలవ చెరువు రోడ్డులో కరెంటు కంచె అవతల వరసగా నిలబడే మగ ఏనుగులు కూడా ఇలా అలవాటు పడ్డవే. చూడండి, ఫొటో తీసుకోండి, చెయ్యి చాపకండి.

ఎదురుపడితే చేయాల్సింది వరసగా:

దూరంలోనే ఆపండి. యాభై అరవై మీటర్లు ఉండాలి, ఇంకా ఎక్కువైతే మంచిది. హారన్ వద్దు, హైబీమ్ వద్దు, దిగడం అసలే వద్దు. ఇంజను నడుస్తూనే ఉండనివ్వండి. వెనక్కి పోయే దారి మూసుకుపోకుండా వెనక బండికి చేత్తో సైగ చేయండి.

చెవుల్ని చూడండి. తీరిగ్గా ఆడుతుంటే, తోక ఊగుతుంటే, గడ్డి పీకి కాలికి కొట్టి మట్టి దులుపుకుంటుంటే అది తన పనిలో ఉంది. చెవులు రెండూ విప్పి నిలిపేసి, తల ఎత్తి, తోక బిగబెట్టి మీ వైపు తిరిగితే మీరు దాని పనికి అడ్డొచ్చారు. నెమ్మదిగా, కుదుపు లేకుండా వెనక్కి వెళ్లండి. కంటికీ చెవికీ మధ్య కణతల నుంచి జిడ్డుగా నీరు కారుతూ బుగ్గ మీద నల్లటి చార కనిపిస్తే అది మదంలో ఉన్న మగ ఏనుగు. దాని దగ్గర ఫొటో గురించి ఆలోచించకుండా తిరిగి వెళ్లిపోండి.

మందలో పిల్ల ఉంటే అన్నీ రోడ్డు దాటాయనుకున్నాక కూడా రెండు నిమిషాలు ఆగండి. చివర ఒకటి ఆలస్యంగా వస్తుంది. ఆ మధ్యలో దూరితేనే ప్రమాదాలు జరుగుతాయి.

బుత్తల నుంచి కతరగమ వెళ్లే రోడ్డు యాల అడవి అంచునే పోతుంది. సుబ్రహ్మణ్యస్వామి దర్శనానికి వెళ్లే మనవాళ్లు దగ్గర దారి అని దాన్ని ఎంచుకుంటారు. పగటిపూట వెళ్లండి. సాయంత్రం నాలుగు దాటితే తిస్స మీదుగా చుట్టు తిరిగి వెళ్లడం నయం.

ఆగస్టు సెప్టెంబరుల్లో మిన్నేరియ చెరువు ఎండుతున్న కొద్దీ బయటపడ్డ నేల మీద లేత గడ్డి మొలుస్తుంది. దాని కోసం చుట్టుపక్కల అడవుల నుంచి మందలు వచ్చి కలుస్తాయి, మంచి ఏడాది మూడొందల దాకా చేరతాయి. చెరువులో నీళ్లు ఎక్కువ నిలిపిన ఏడు గడ్డి మునిగిపోతుంది, మందలు దగ్గర్లోని కౌడుల్ల పార్కు వైపు పోతాయి. జీపు మాట్లాడుకునే ముందు "ఈ వారం ఏనుగులు ఎక్కడున్నాయి?" అని అడిగి ఆ పార్కుకే వెళ్లండి.

7. కోతులు, కొండముచ్చులు

2025 ఫిబ్రవరి 9న శ్రీలంక అంతా కరెంటు పోయింది. పానదుర సబ్‌స్టేషన్‌లో ఒక కోతి పరికరాలకు తగిలిందని విద్యుత్ మంత్రే ప్రకటించారు. ఆ దేశంలో కోతి మనుషుల మధ్య ఎంత కలిసిపోయి ఉందో చెప్పడానికి ఇది చాలు.

రిలవా ఆ దీవిలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా లేదు. నడినెత్తి నుంచి జుట్టు సుడి తిరిగి అన్ని వైపులా టోపీలా పడుతుంది. దంబుల్ల గుహాలయం మెట్ల మీద, సిగిరియ కింద తోటల్లో ఉంటాయి. వాటి దగ్గర చేతిలో తిండి, ప్లాస్టిక్ కవరు ఉండకూడదు. కవరు చప్పుడంటేనే వాటికి తిండి. పళ్లు కనిపించేలా నవ్వొద్దు, కళ్లలోకి గుచ్చి చూడొద్దు. రెండూ వాటి భాషలో తగాదాకి పిలుపు. లాక్కుంటే వదిలేయండి. గీరినా కరిచినా నిర్లక్ష్యం పనికిరాదు, ఆ సంగతి కింద చెబుతున్నాను.

వందురాల్లో నల్లటి మూతి, తెల్ల గడ్డం ఉన్న ఒక జాతి కూడా ఆ దేశానికే సొంతం. కొండల మీద చలికి దాని బొచ్చు ఎలుగుబంటిలా ఒత్తుగా పెరుగుతుంది. రామాయణ యాత్రకని వెళ్లే తెలుగువాళ్లు నువర ఎలియ దగ్గర సీత ఎలియ గుడి చూసి, వాగు పక్క రాతి మీద హనుమంతుడి పాదముద్ర చూసి, బస్సెక్కి వెళ్లిపోతారు. దగ్గర్లోనే హక్‌గల తోట ఉంది. ఒక గంట అక్కడ గడపండి. చెట్ల పైకొమ్మల్లో గొంతు బొంగురుగా అరిచే ఆ వందురాలు మంచులోంచి కనపడతాయి. అశోకవనం అని నమ్మి వెళ్లిన చోట వానరాల్ని చూడకుండా రావడం నాకు నిజంగా లోటనిపిస్తుంది.

8. భయపడాల్సినవి చిన్నవి

సిగిరియ రాతికి పెద్ద తేనెటీగల పట్లు వేలాడుతుంటాయి. మౌనంగా ఉండమని బోర్డులుంటాయి. కేకలేస్తే, సెంటు పూసుకుంటే అవి లేస్తాయి. పిల్లలకు కిందే నచ్చజెప్పి ఎక్కించండి. గార్డులు ఆపమంటే ఎక్కడివాళ్లక్కడ కింద కూర్చోవాలి, పరుగెత్తకూడదు.

జలగ గురించి వణికిపోతారు గానీ అది ప్రాణం తీసేది కాదు. సింహరాజలో వాన పడ్డాక ఆకుల మీంచి కొలుచుకుంటూ వస్తాయి. పాదాలకు, సాక్సులకు తడి సబ్బు దట్టంగా రుద్దండి. పట్టుకుంటే నిప్పు పెట్టొద్దు, గుంజొద్దు. గోరు దాని సన్నటి మూతి కిందికి జరిపి పక్కకి తోయండి. నెత్తురు గడ్డకట్టకుండా అది ఒక పదార్థం వదులుతుంది కాబట్టి కాసేపు కారుతుంది. కడిగి దూది అదిమి పెట్టండి. 1988 నుంచి యునెస్కో జాబితాలో ఉన్న ఆ అడవిలో రకరకాల పిట్టలు ఒకే గుంపుగా కలిసి తిరుగుతూ మీ నెత్తి మీంచి వెళ్తాయి. కింద కాళ్లనే చూసుకుంటూ నడిస్తే వాటిని పోగొట్టుకుంటారు.

పాముల్లో మనకున్న నాలుగూ, నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి అక్కడా ఉన్నాయి. అదనంగా ఎండుటాకుల రంగులో, ముక్కు పైకి లేచి, జానెడు మూరెడు పొడుగుండే పింజరి ఒకటుంది. తోటల్లో, ఇళ్ల పెరళ్లలో ఉంటుంది. మన దేశంలో తయారై అక్కడ వాడే విషం విరుగుడు మందు దీని కాటుకి పనిచేయదు. అందుకే చీకట్లో టార్చి లేకుండా పది అడుగులు కూడా వేయొద్దు, చెప్పులు దులపకుండా తొడగొద్దు. కరిస్తే కట్టు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం ఏదీ చేయకండి. కాలు కదలకుండా ఉంచి ఆసుపత్రికి తీసుకెళ్లండి. 1990కి ఫోన్ చేస్తే ఉచిత అంబులెన్సు వస్తుంది. ఆ సువ సెరియ సేవ 2016లో భారత ప్రభుత్వ సాయంతో, హైదరాబాద్‌లో మన 108ని మొదలుపెట్టిన ఈఎంఆర్ఐ సంస్థ చేతుల మీదుగా మొదలైంది. ఆ బండి అక్కడ రోడ్డు మీద పోతుంటే చూసి నాకు గర్వంగా అనిపించింది.

కుక్క గానీ కోతి గానీ కరిస్తే, గీరితే, వెంటనే పారే నీళ్ల కింద సబ్బుతో పావుగంట కడగండి. గడియారం చూసి కడగండి, పావుగంట మనం అనుకునేదానికంటే చాలా ఎక్కువసేపు. ఆ రోజే ప్రభుత్వాసుపత్రికి వెళ్లి రేబిస్ టీకా మొదలుపెట్టించుకోండి. ఇంటికొచ్చాక చూద్దాంలే అనుకోవద్దు.

మలేరియా లేని దేశంగా డబ్ల్యూహెచ్‌ఓ 2016లోనే శ్రీలంకని గుర్తించింది. డెంగీ మాత్రం ఉంది. దాని దోమ పగలు కుడుతుంది కాబట్టి మందు పొద్దున్నే రాసుకోవాలి.

9. గదిలో

గోడ మీద బల్లి టిక్‌టిక్‌మంటే నేను బస చేసిన ఇంటి అక్క గుమ్మం దగ్గర ఆగి, ఒక్క నిమిషం నిలబడి బయల్దేరింది. మా అమ్మమ్మా అంతే. హూన, అంటే బల్లి, పలికితే అక్కడా శకునమే. బల్లిని తరమొద్దు, దోమల్ని తింటుంది. బాత్రూంలో కప్ప ఉంటే ఉండనివ్వండి. కిటికీ తెరిచి పళ్లు పెట్టి వెళ్తే మాత్రం రిలవాలు గదంతా చిందరవందర చేస్తాయి.

10. డబ్బు దేనికి ఇవ్వకూడదు

ఏనుగు సవారీకి, మెడలో కొండచిలువ వేయించుకోడానికి, తాబేలు పిల్లని అరచేతిలో పట్టుకోడానికి ఇవ్వకండి. ఏనుగు పిల్లల్ని చూడాలనుంటే ఉడవలవలో 1995 నుంచి నడుస్తున్న ప్రభుత్వ అనాథ ఏనుగుల కేంద్రానికి వెళ్లండి. పాలు పట్టే వేళకి దూరం నుంచి వేదిక మీద నిలబడి చూడనిస్తారు, ముట్టుకోనివ్వరు. పెరిగాక వాటిని అడవిలోకి వదులుతారు. అందుకే ముట్టుకోనివ్వరు.

పాముల్ని ఆడించేవాళ్లు ఎదురైతే ఒక్క క్షణం ఆగండి. వాళ్లలో అహికుంటక జాతివాళ్లుండొచ్చు. వాళ్ల ఇంటి భాష తెలుగు. తరాలుగా లంకలో తిరుగుతూ, ఇప్పుడు అనురాధపుర దగ్గర కుడాగమ లాంటి ఊళ్లలో స్థిరపడ్డారు. పాము ఆటకి డబ్బు ఇవ్వనక్కర్లేదు. పక్కన కూర్చుని "బాగున్నావా అమ్మా" అని పలకరించండి. నేను పలకరించినప్పుడు ఒక పెద్దామె నీళ్ల గ్లాసు పక్కన పెట్టి, నా మాట మళ్లీ చెప్పమని అడిగింది. ఆమె యాస నాకు సగమే అందింది. మా ఇద్దరికీ మిగిలిన సగం పాము పేరు, కోతి పేరు, నీళ్లు, నిప్పు, కూడు. ఆ మాటలు ఒక్కొక్కటీ చెప్పుకుంటూ అరగంట కూర్చున్నాం.

11. రాత్రి పడుకునే ముందు

నోటుబుక్కులో ఆ రోజు చూసిన వాటి పేర్లు కాదు, అవి ఏం చేస్తున్నాయో రాయండి. పేరు తెలియకపోతే రంగు, సైజు, చోటు రాస్తే చాలు, తర్వాత వెతుక్కోవచ్చు. నా పుస్తకంలోంచి హబరణ దగ్గర మూడో రోజు పేజీ ఇది:

"5.50. అడవికోడి పుంజు మట్టిరోడ్డు దాటింది. ఎర్ర జుట్టు మధ్యలో పసుపు. అక్కడి జాతీయ పక్షి ఇదేనట. 6.20. బెట్టుడుత మామిడి కొమ్మ మీద బోర్లా పడుకుని ఉంది, తోక కిందికి జారవిడిచి. నల్లమలలో చూసినదాని కంటే బూడిద రంగు. 7.05. చూన్ పాన్. 11.00. ఎండ, ఏమీ లేదు. 4.40. చెరువు అవతల ఏనుగులు ఏడు, ఒక పిల్ల తొండం నోట్లో పెట్టుకుని నిద్రపోతోంది, నిలబడే. 6.15. చీకటి. కట్ట కింద మిణుగురులు. లెక్కపెట్టడం ఆపేశాను."